మా అమ్మ ఇచ్చిన మార్కు

ఆస్ట్రేలియాలోని మా బిర్రాలూక్ ఊరి జట్టు చివరిసారి ఫైనల్స్ ఆడేనాటికి ఇప్పుడున్న గోల్‌పోస్టులు ఇంకా అడవిలో చెట్లుగా ఉన్నాయి. ఇది నేనన్న మాట కాదు, మా నాన్న డెస్ అన్నది. ఆయన అన్నదాన్ని నేను కొంచెం పెంచానంతే. మా ఇంట్లో ఫుట్‌బాల్ గురించి ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి ఒక్కతే, మా అమ్మ గ్లెండా. బహుశా అందుకే ఆవిడ అంపైరైంది.

అయిన తీరు మాత్రం అంత గొప్పగా ఏం లేదు. ప్రతి క్లబ్బూ ఒక అంపైర్ని పంపాలి, లేకపోతే పాయింట్లు కోస్తాం అని లీగు వాళ్ళు రూలు పెట్టారు. మా క్లబ్ మీటింగులో ఎవరు వెళ్తారని అడగ్గానే అందరూ వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలెట్టారు, చెప్పులేసుకొచ్చినవాళ్ళు కూడా. వెనకాల టీ కప్పులు కడుగుతున్న అమ్మ, "నేను వెళ్తాలే. ఎలాగూ ప్రతి శనివారం చలిలో నిలబడేదాన్నేగా" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆవిడ పేరు రాసేసుకున్నారు.

చిక్కంతా నాన్నకొచ్చింది. మా వైపు అంపైర్ని తెల్లపురుగు అంటారు. పూర్వం తెల్లబట్టలు వేసుకునేవాళ్ళు. ఇప్పుడు చొక్కా పచ్చగా మారినా పురుగు తెల్లగానే ఉండిపోయింది. ఈ మాటని మా నాన్న ఎదురుగాల్లో కూడా పక్క ఊరికి వినపడేట్టు అరవగలడు. గ్రౌండు చుట్టూ కార్లు ముక్కులు లోపలికి పెట్టి ఆపుకుని చూస్తాం కదా, అమ్మ మొదటిసారి విజిల్ పట్టిన రోజు నాన్న మా బండి బానెట్ మీద వాలి "తెల్లపు..." అని ఎత్తుకుని, మిగతాది మింగేశాడు. ఆ మిగతా సగం ఇప్పటికీ ఆయన గొంతులోనే ఉంది. డాక్టరు టార్చి వేసి చూసినా దొరకలేదు.

నేను చెప్పేది అమ్మ రెండో ఏడాది సంగతి, ఆ చలికాలంది, అంటే మాకు జూన్, జులై.

మంగళవారాలు అంపైర్ల క్లాసుకెళ్ళి బోలెడు సందేహాలు పట్టుకొచ్చేది. అన్నీ మార్కుల గురించే. మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్లో బంతిని ఎవరైనా చేత్తో పట్టుకోవచ్చు. తన్నిన బంతిని నేల తాకకుండా, మధ్యలో ఎవరి వేలూ తగలకుండా గాల్లో పట్టుకుంటే అది మార్కు. అంపైర్ ఊదాడా, ఇంక నిన్నెవడూ ముట్టుకోడానికి లేదు, తీరిగ్గా తన్నుకోవచ్చు. ఇంతే. చెప్పుకోడానికి ఇంతే. మా భోజనాల బల్ల దగ్గర మాత్రం ఇది తెగేది కాదు.

"ఎంతసేపు పట్టుకుంటే పట్టినట్టు?" అంది అమ్మ ఒకసారి, మటన్ చాప్స్ వడ్డిస్తూ.

"రూల్లో ఏముంది?" అన్నాడు నాన్న.

"'చాలినంత సేపు' అని ఉంది."

"ఎవరికి చాలినంత?"

"నేనూ అదే అడిగా. క్లాసులో అయిదుగురున్నాం, ఏడు సమాధానాలొచ్చాయి."

"నేను పట్టుకుంటే పట్టినట్టే," అన్నాను. "నేను బంతిని చూసినా చాలు, మార్కు ఇచ్చెయ్యొచ్చు."

"నువ్వు బఠాణీలు కూడా పట్టలేవు," అంది అమ్మ, నా ఒళ్ళో పడ్డవి చూస్తూ.

భోజనాలయ్యాక మా ఇద్దర్నీ ట్రాక్టర్ల షెడ్డులోకి తోలేది. బంతి పైకి విసిరి ఎగరమనేది. నాన్నకి మోకాళ్ళు లేవు, అంటే ఉన్నాయి, పనిచెయ్యవు. ఆయన ముందు నిలబడేవాడు, నేను వెనకనుంచి ఎగిరేవాణ్ణి. ఆవిడ పక్కకి జరిగి, తల వంచి, కోడిపెట్ట గింజని చూసినట్టు చూసేది.

"వెనకవాడి మోచెయ్యి చూడాలి," అంది ఒకరోజు, చివరికి తనంతట తనే కనుక్కున్నట్టు. "మడిచుంటే వాడు తన చోటు కాపాడుకుంటున్నాడు. సాగిందా, తోస్తున్నాడు, తప్పే. అంతే. పడ్డవాణ్ణి అస్సలు చూడకూడదు. పడ్డానికేముంది, ఎవడైనా పడతాడు. మన రూబ్ గాడైతే తలుపు చప్పుడికి కూడా పడతాడు."

అది అబద్ధం కాదు. ముట్టుకోకుండానే ఎగిరిపడి ఫ్రీకిక్కులు సంపాదించడంలో నాకు జిల్లాలో పోటీ లేదు. ఒకసారి వెనక ఎవడూ లేకపోయినా పడ్డాను. అదీ ఇచ్చారు. అమ్మ విజిల్ పట్టాక ఆ వ్యాపారం మూతపడింది.

మా మ్యాచులు కూడా ఒక్కోసారి ఆవిడే చూసేది. అంపైర్లు అంత కరువు, రెండు క్లబ్బులూ సరేనంటే చాలు. "గ్రౌండ్లో నన్ను అమ్మా అనకు," అని ముందే చెప్పింది.

"మరేమనాలి?"

"అంపైర్ అను."

సరేనని మొదటి క్వార్టర్లోనే, "అంపైర్, నా రెండో జత సాక్సులు ఉతికావా?" అన్నాను. ఎదురు మాట్లాడినందుకు అవతలివాళ్ళకి ఫ్రీకిక్ ఇచ్చింది. "అడిగానంతేగా!" అన్నాను. వాళ్ళని ఇంకో యాభై మీటర్లు ముందుకి పంపింది. వాళ్ళు గోల్ కొట్టారు. సాక్సులు కూడా ఉతకలేదు.

అమ్మ అంత ఖచ్చితం. అందుకే చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా అమ్మ విజిల్ పట్టుకుందంటే, కారు హారన్లు కూడా కొంచెం మర్యాదగా మోగేవి.

జులైలో అంపైర్ల పెద్ద నెవిల్ మా ఇంటికొచ్చాడు. టీ తాగి, రెండు స్కోన్లు తిని, మూడోది చేత్తో పట్టుకుని విషయం చెప్పాడు. "గ్లెండా, ఈసారి గ్రాండ్ ఫైనల్ నీకే ఇద్దామనుకుంటున్నాం. మన లీగులో ఆడమనిషి ఎప్పుడూ చెయ్యలేదు. చేస్తే నువ్వే చెయ్యాలి."

 అమ్మ టీకప్పు అడుగున ఏదో రాసున్నట్టు చూసింది.

"ఒక్కటే మెలిక," అన్నాడు నెవిల్. "ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఫైనల్స్ ఆడే నాలుగు జట్లలో ఉంటే ఆ నెలంతా విజిల్ ముట్టుకోకూడదు. బిర్రాలూక్ ఫైనల్స్‌కొస్తే నీకు లేనట్టే." మమ్మల్ని చూశాడు, స్కోన్ కొరికాడు. "అది జరిగేది కాదనుకో."

మా నాన్నకి ఒకేసారి కోపం, సంతోషం రావడం అదే మొదటిసారి చూడ్డం. ముఖంలో ఎడంపక్క ఒకటి, కుడిపక్క ఒకటి వచ్చాయి.

అమ్మ నాకిది కావాలని ఎప్పుడూ అనలేదు. అనే అలవాటు లేదు. కానీ తెల్లారకముందే లేచి గోధుమ చేల పక్క కాలవ గట్టు మీద పరిగెత్తడం మొదలెట్టింది. మంచుకి గడ్డి తెల్లగా గడ్డకట్టుకుపోయి ఉండేది, ఆవిడ అడుగులు కిటికీలోంచి కనపడేవి. కొత్త బూట్లు కొంది. మామూలు మ్యాచులకి వేసుకునేది కాదు. సాయంత్రం వంట చేస్తూ తొడుక్కుని, మెత్తబడాలని వంటింట్లో తిరిగేది. బంగాళాదుంపలు ఉడికేలోపు మా ఇంట్లో ఒక గ్రాండ్ ఫైనల్ జరిగిపోయేది.

అదిగో, సరిగ్గా అప్పుడు మేం గెలవడం మొదలెట్టాం.

కారణం ఇప్పటికీ తెలీదు. ఆ ఏడు ఫ్లూ జ్వరం అన్ని ఊళ్ళకీ వచ్చి, మా ఊరికి దారి తెలీక వెనక్కిపోయిందని ఒక వాదన. మా కోచ్ కెల్ మాత్రం తన గొప్పే అంటాడు. ఏమైతేనేం, చివరి వారానికి లెక్క తేలింది. లేక్ టారిన్ మీద గెలిస్తే నాలుగో స్థానం, ఫైనల్స్. ఓడితే ఇంటికి.

"ఓడిపొమ్మంటావా ఏంటి?" అన్నాడు నాన్న, టోస్టు మీద వెజిమైట్ రాస్తూ. ఎవరూ ఏమీ అనకుండానే.

"నేనేమన్నా అన్నానా డెస్?"

"అనలేదు. అందుకే అడుగుతున్నా."

"గెలవండి," అంది అమ్మ. "గెలిస్తే నీ పక్కన కూచుని మాంసం కూరిన పై తింటూ చూస్తా. నాకేం నష్టం?" అని లేచి వెళ్ళి బూట్ల పెట్టె మూత పెట్టింది.

గురువారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక క్లబ్బులో అందరం భోజనానికి కూచున్నాం. కెల్ జట్టు పేర్లు చదివి గొంతు సవరించుకున్నాడు. "శనివారానికి రావాల్సిన అంపైర్ కారుతో కంగారూని గుద్దాడు. కంగారూ బాగానే ఉంది. ఆయన భుజం విరిగింది. లీగులో మిగిలింది ఒక్క గ్లెండానే. లేక్ టారిన్ వాళ్ళని అడిగాం, గ్లెండా అయితే మాకు అభ్యంతరం లేదన్నారు."

చెంచాలన్నీ ఆగాయి. అందరికీ ఒకే లెక్క తట్టింది. మేం ఓడిపోతే గ్రాండ్ ఫైనల్ ఆవిడది. ఆ నిశ్శబ్దం చూస్తే నాకు చెయ్యి దురద పెట్టింది. నిశ్శబ్దం ఎక్కడ ఖాళీగా కనపడ్డా నేను అందులో ఒక జోకు పార్కు చేస్తాను. అదో జబ్బు.

కుర్చీ ఎక్కాను. చెంచా నోట్లో పెట్టుకున్నాను. టీ టవలు మెళ్ళో మెడల్లాగా వేసుకున్నాను. అమ్మలాగే తల పక్కకి వంచి, "మార్కా? దాన్ని మార్కంటారా? బంతి నిన్ను చూసి నవ్వింది, ఫ్రీకిక్, లేక్ టారిన్‌కి!" అన్నాను. సూపు గిన్నె బోర్లించి కప్పులాగా కావలించుకున్నాను. "నువ్వు గాలి పీల్చావు, ఫ్రీకిక్! నీకు ఇద్దరు అమ్మమ్మలు, ఫ్రీకిక్! రూబెన్, నువ్వు పుట్టావు, అది కూడా ఫ్రీకిక్! గ్రాండ్ ఫైనల్ నాదే!"

కెల్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎవడో బెంచీ మీంచి నిజంగానే పడ్డాడు. నేను ఇంకో రెండు ఫ్రీకిక్కులిచ్చి ఇటు తిరిగేసరికి తలుపు దగ్గర అమ్మ. చేతుల్లో ట్రైఫిల్ స్వీటు గిన్నె.

అమ్మ కూడా నవ్వుతోంది. "విజిల్ అలా పట్టుకోను," అంది. "మిగతాదంతా బానే ఉంది." గిన్నె బల్ల మీద పెట్టి, ఎవరికెంత కావాలో అడిగి అందరికీ వడ్డించింది.

ఆ జోకు శుక్రవారానికల్లా ఊరంతా తిరిగింది. నాకన్నా బాగా తిరిగింది. కొట్టువాడు పాలు ఇస్తూ, "గ్లెండా, రేపు మమ్మల్ని అమ్మేస్తావటగా?" అన్నాడు. పెట్రోలు బంకులో ఆవిడ, "గాలి పీల్చినా ఫ్రీకిక్కేనా?" అంది. అంతా నవ్వుతూనే. మా ఊళ్ళో ఏదైనా నవ్వుతూనే అంటారు, కరువొచ్చినా. అమ్మా నవ్వుతూనే చిల్లర తీసుకుని ఇంటికొచ్చింది. వంట చేసేటప్పుడు ఆ రోజు బూట్లు తొడుక్కోలేదు. నేను గమనించాను. గమనించి, బంగాళాదుంపలు ఇంకొన్ని పెట్టమన్నాను.

శనివారం మ్యాచ్ గురించి చెప్పాలంటే చివరి నిమిషం ఒక్కటే చెప్పాలి. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గోలుకి ఆరు. టైమ్‌కీపర్ గుడిసెలో సైరన్ మీద వేలు పెట్టుకుని కూచున్నాడు, దూరంనుంచి కూడా కనపడుతోంది. మధ్యలోంచి మా జట్టు టల్లీ గాడు కళ్ళు మూసుకుని తన్నాడు. బంతి పైకి లేచింది, లేచింది, దానికేదో పని ఉన్నట్టు పైనే ఉంది. కింద గోలు కాసే లేక్ టారిన్ ఫుల్‌బ్యాక్ డ్రోగెముల్లర్. మనిషి మా ఊరి గోధుమ గోదాముకి తమ్ముడిలా ఉంటాడు. వాడి వెనక నేను.

నా చెయ్యి వాడి వీపు మీదుంది. మడిచే ఉంది, మొదట్లో. బంతి దిగుతోంది. వాడింకా నాకు అడ్డంగానే ఉన్నాడు. నా మోచెయ్యి సాగింది. ఎక్కువ కాదు. తలుపు తియ్యడానికి ఎంత కావాలో అంత. వాడు ఒక అడుగు ముందుకి పడ్డాడు, బంతి వచ్చి నా చేతుల్లో కూచుంది.

అమ్మ పక్కనే ఉంది. క్రికెట్ పిచ్ అంత దూరం కూడా లేదు. పక్కకి జరిగి, తల వంచి, చూడాల్సిన చోటే చూస్తోంది.

విజిల్ నోట్లో ఉంది. వెంటనే ఊదలేదు.

తర్వాత ఊదింది. మార్కుకీ ఊదుతారు, తప్పుకీ ఊదుతారు, చెయ్యి ఎటు చూపిస్తారన్నదే తేడా. చెయ్యి నావైపు చూపించింది. మార్కు. ఆ వెంటనే సైరన్ మోగింది. మార్కు ఇచ్చాక మోగితే ఆ ఒక్క తన్నూ మిగిలుంటుంది.

"అంపైర్! తోశాడు!" అన్నాడు డ్రోగెముల్లర్.

"మార్కు ఇచ్చాను," అంది అమ్మ.

వాడు నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి, మూసేశాడు. "సరే," అన్నాడు. "నువ్విచ్చావంటే నేనే జారుంటాను." ఇంకెవరికైనా అయితే ఆ నోట్లోంచి ఏం వచ్చేదో లీగంతా తెలుసు.

"ఇక్కణ్ణించి తన్ను, రూబెన్," అంది అమ్మ నేల చూపిస్తూ. నా మొహం చూళ్ళేదు.

ఆ మూలనుంచి నేను జన్మలో గోలు కొట్టలేదు. ప్రాక్టీసులో అక్కణ్ణించి తన్నితే మా బంతులు పక్క కోర్టులో నెట్‌బాల్ ఆడే ఆడపిల్లలు తెచ్చిచ్చేవాళ్ళు. కావాలని తప్పించక్కర్లేదు. మామూలుగా తన్నినా చాలు, ఆటోమేటిగ్గా తప్పిపోయేది. కానీ ఆ క్షణంలో నాకు అమ్మ గుర్తే రాలేదు. బూట్లు గుర్తురాలేదు, కాలవ గట్టు గుర్తురాలేదు. రెండు పోస్టులే కనపడ్డాయి. నా జీవితంలో అంత శుభ్రంగా బంతిని ఎప్పుడూ తన్నలేదు, ఇంక తన్నను కూడా.

కార్లన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. గొర్రెలు కంచెలు దాటాయని చెప్పుకున్నారు. నాన్న కంచె దూకి పరిగెత్తుకొచ్చాడు, లేని మోకాళ్ళతో. ఏడుస్తున్నాడు. నన్ను పట్టుకుని ఏడ్చి, టల్లీని పట్టుకుని ఏడ్చి, డ్రోగెముల్లర్ని కూడా పట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం క్లబ్బులో కెల్ గ్లాసు పైకెత్తాడు. "ఫైనల్ చేతికొచ్చి కూడా, తనకి పోతుందని తెలిసి కూడా, మార్కుని మార్కంది. గ్లెండా లాంటి అంపైర్ ఇంకెక్కడైనా ఉందా?" అందరూ బల్లలు చరిచారు. ఆవిడ అక్కడ లేదు. మ్యాచయ్యాక అంపైర్‌కి శాండ్‌విచ్‌ల పళ్ళెం పంపడం మా ఆనవాయితీ. ఆరోజు నేనే పట్టుకెళ్ళాను. మరుగుదొడ్ల పక్క రేకుల గదిలో ఒక్కతే కూచుని బూటు లేసు విప్పుతోంది.

"గుడ్డు శాండ్‌విచ్, అంపైర్," అన్నాను. "ఫ్రీకిక్ లేకుండా."

"అక్కడ పెట్టు," అంది. "తలుపు వెయ్యి, చలేస్తోంది."

తర్వాతి వారం మొదటి ఫైనల్లో మమ్మల్ని ఎంత ఘోరంగా కొట్టారంటే, స్కోరుబోర్డు వాడి దగ్గర అంకెల రేకులు అయిపోయాయి. అయినా రూలు రూలే. ఆ నెలంతా అమ్మ విజిల్ ముట్టుకోలేదు. గ్రాండ్ ఫైనల్ ఇంకో ఊరి కుర్రాడికిచ్చారు.

ఆ ఫైనల్ రోజు నాన్న కాంటీన్‌లో సాయానికి పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేనూ అమ్మా వెనకాల బయల్దేరాం. ఆవిడే నడుపుతోంది. దారంతా ఆవపూల చేలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. చాలాదూరం పోయాక అన్నాను.

"అమ్మా, ఆరోజు నేను తోశాను."

"తెలుసు."

"చూశావా?"

"అంత దగ్గర్నించి కూడా చూడకపోతే నాకు విజిల్ ఎందుకురా?"

"మరి?"

ఎదురుగా వచ్చే లారీకి దారిచ్చి, చక్రాలు మళ్ళీ రోడ్డెక్కాక చెప్పింది. "ఊదుదామని ఊపిరి తీసుకున్నా. అప్పుడు జనం వినపడ్డారు. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు, అయినా వినపడ్డారు. 'చూశారా, రూబ్ గాడు ముందే చెప్పాడు' అని."

"అది ఉత్త జోకమ్మా."

"జోకే. నేనూ నవ్వాగా." అద్దం సర్దుకుని, "బంతికంటే ముందు జనం వినపడ్డారంటే, అంపైర్ పని అయిపోయినట్టే. వచ్చే ఏడు రానని నెవిల్‌కి చెప్పేశా" అంది.

"నాన్నకి తెలుసా?"

"ఆయన ఇన్నాళ్ళకి సంతోషంగా ఉన్నాడు. ఉండనీ."

నాకు ఎప్పుడూ ఏదో ఒకటి తడుతుంది. చావింట్లో కూడా తట్టింది, తన్నులు తిన్నాను. ఆ కార్లో ఏమీ తట్టలేదు.

గ్రౌండు గేటు దగ్గర టికెట్లు ఇస్తున్నది లేక్ టారిన్ పెద్దాయన వాలీ. అమ్మ అద్దం దించి నోటు చాపింది.

"నీ దగ్గర డబ్బులా గ్లెండా? అంపైర్లకి ఊరికే."

"ఇవాళ అంపైర్ని కాదు వాలీ. ఇద్దరికీ తీసుకో."

"తీసుకోను గాక తీసుకోను. మేం ఓడిపోయింది నీ విజిల్‌కే. అయినా మా ఊళ్ళో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నిన్ను పల్లెత్తు మాట అనలేదు. అంత న్యాయం నేను నా జన్మలో చూళ్ళేదు, పో!" అని చెయ్యి ఊపాడు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. అమ్మ నోటు వెనక్కి తీసుకుని గేరు వేసింది.

కారు ఆపుకున్నాక, తినడానికి పై తెస్తానని చెప్పి నేను గేటు దగ్గరికి నడిచొచ్చాను.

"వాలీ, ఆరోజు అది మార్కు కాదు. నేను డ్రోగెముల్లర్ని తోశాను."

వాలీ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నువ్వు మారవురా రూబ్! మీ అమ్మ మార్కందంటే మార్కే. నీ చెయ్యి సంగతి నీకంటే ఆవిడకే బాగా తెలుసు."

"నిజం వాలీ. తోశాను."

అవతలి గేటు దగ్గరున్నవాణ్ణి కేకేశాడు. "ఇలా రా, వీడేమంటున్నాడో విను. ఏదీ, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఇద్దరూ నవ్వారు.